మోకాళ్ల గుర్తులు

పరాంకుశం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. మనసు నిలవడం లేదన్నవాడికి మర్నాడు శొంఠి దంచే పని పడుతుంది. దేవుడున్నాడా అని అడిగినవాడు వారం రోజులు ఎండలో కరక్కాయలు ఏరుతాడు. అందుచేత ఆ కొండమీది మూలికల తోటకు వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నెల తిరిగేసరికి ప్రశ్నలు బాగా తగ్గించుకుంటారు. అది జ్ఞానం పెరిగినందువల్లనో, నడుము పట్టేసినందువల్లనో మనం చెప్పలేం. భానోజీ మాత్రం తగ్గించుకోలేదు. ఆషాఢమాసంలో ఒక మధ్యాహ్నం, ముసురు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, అతడు ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కాగితం, చంకలో నోటుపుస్తకం పెట్టుకుని గురువుగారి అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, కళ్లెదుట రుజువు ఉన్నప్పుడు కూడా మనిషిని అనుమానించకూడదంటారా?"

ఆ కాగితంలో గురువుగారి సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే బుద్రి అనే మనిషికి ఆ కొండవాలు మూసుకుపోతుంది. బుద్రిది వాలుకు అవతల ఉన్న చిన్న గూడెం. యాభై ఏళ్లుంటాయి. వానాకాలం నాలుగు నెలలూ ఆమె బతుకు ఆ వాలు మీదే. పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, అడ్డాకులు ఏరి గురువారం సంతలో అమ్ముకుంటుంది. ఆ సంతలోనే మధ్యాహ్నం చుట్టుపక్కల గూడేల పెద్దలు కూర్చుంటారు. వాళ్లకు పరాంకుశం గారి మాట శిలాశాసనం. బుద్రిని వాలు మీద అడుగు పెట్టనివ్వవద్దని భానోజీ రాసిన కాగితం ఆయన సంతకంతో వెళ్లిందంటే, ఇక ఎవరూ ఆమెను ఏమీ అడగరు. సంత మర్నాడే.

భానోజీ చెడ్డవాడని ఎవరూ అనుకోవద్దు. అతడు పద్దెనిమిదేళ్లు ఒక బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం చేసి, అది మానుకుని, నలభై రెండో ఏట వైద్యం నేర్చుకుందామని కొండెక్కినవాడు. చచ్చిపోయిన ఒకే గేదెను మూడు ఊళ్లవాళ్లు మూడు వైపుల నుంచి ఫోటో తీసి మూడు దరఖాస్తులు పెడితే, కొమ్ము మీది గాటును బట్టి పట్టేసిన ఘనుడు. ఆ కథ తోటలో ఉన్న నలుగురు శిష్యులకూ నాలుగేసి సార్లు చెప్పాడు. ఉద్యోగం మానడం తేలికే, అలవాటు మానడమే కష్టం. వంటింట్లో బెల్లం తగ్గితే అతడు చీమలను కాదు, మనుషులను లెక్కపెట్టేవాడు. అనుమానం పెనుభూతం అంటారు గాని, భానోజీకి అది భూతంలా ఉండేది కాదు, సొంత కుక్కలా వెంట తిరిగేది. దానికి రోజూ ఏదో ఒకటి పెట్టాలి.

తొలకరి ఉరుములు ఉరిమి, వాలంతా పుట్టగొడుగులు లేచినప్పుడు గురువుగారు అతడికి ఒక పని అప్పగించారు. "తినేవి ఏవో ఇక్కడ అందరికీ తెలుసు. తినకూడనివి చూపించాలి. రోడ్డు పడుతోంది, కొత్తవాళ్లు వస్తున్నారు. నీ ఫోనులో వాటి బొమ్మలు తీసిపెట్టు. ప్రతిదాన్నీ మొగ్గగా ఉన్నప్పుడు, విప్పారినప్పుడు, ముదిరినప్పుడు, మూడుసార్లు తియ్యి. పెద్ద పటం చేయించి సంతలో కడదాం" అన్నారు.

ఆ పని భానోజీకి ప్రాణంలా పట్టుకుంది. పుట్టగొడుగును పైనుంచి తీస్తే తెల్లటి పళ్లెం కనబడుతుంది, అంతే. దాని గుట్టంతా గొడుగు కింద మడతల్లోనూ, కాడ మొదట్లోనూ ఉంటుంది. అది ఫోనులో పడాలంటే మోకాళ్లు నేలమీద వేయాలి, మోచేతులు బురదలో ఆనించాలి, చెంప గడ్డికి తాకించాలి. భానోజీ ఇవన్నీ చేసేవాడు. చేతిరుమాలు వెనక పరిచి, చీమలను ఊది, వెలుతురు చాలకపోతే ఫోను దీపం వెలిగించి, ఒక్కో గొడుగు ముందు అరగంటసేపు ఉండేవాడు. కింద ఘాట్ రోడ్డు వెడల్పు చేసే కూలీలు తట్టలు దించి ఆ వింత చూసేవాళ్లు. దూరం నుంచి చూస్తే అతడు ఎవరో దేవుడికి మొక్కుతున్నట్టే ఉండేది.

మొట్టమొదట దొరికింది రాతి చరియ కింద ఒక గుంపు. తెల్లగా, పళ్లెమంత వెడల్పున, నడుమ గోధుమరంగు పొలుసులతో ఎంతో అందంగా ఉన్నాయి. ముదిరితే వాటి కింది మడతలు పాచిరంగుకు తిరుగుతాయి, అదే వాటి గుర్తు. మొదటి రోజు మొగ్గలు తీశాడు, రెండో రోజు విప్పారినవి తీశాడు, మూడో రోజు వెళ్లి చూస్తే గుంపు మొత్తం మాయం. ఆ రోజే రోడ్డు కూలీల గుడిసెల్లో ఒక ముసలమ్మకు వాంతులు పట్టుకున్నాయని కబురు వచ్చి గురువుగారు దిగి వెళ్లారు. భానోజీ వెళ్లలేదు. "పాచికూడు తిని ఉంటుంది" అని, రాతి చరియ దగ్గర అడుగుజాడలు వెతుకుతూ ఉండిపోయాడు.

మర్నాడు దారిలో బుద్రి ఎదురైంది. గంప చంకకు మార్చుకుని, పక్కకు తప్పుకుని, కాస్త తటపటాయించి అంది: "బాబూ, మీరలా మోకాళ్లేసి కూకోకండి. జనం సూస్తన్నారు."

"చూస్తే ఏమవుతుంది?" అన్నాడు భానోజీ.

"సూస్తే బాగోదు బాబూ. మీకు తెల్దు గాని..." అని ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఈలోగా భానోజీ ఫోను ఎత్తి ఆమె ఫోటో తీశాడు. ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని దిగి వెళ్లిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా అనుకున్నాడు భానోజీ. ఆ సాయంకాలం కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో తేదీ వేసి, ఆమె అన్న మాటలు అన్నట్టే రాసుకుని, పక్కన 'బెదిరింపు' అని రాసి గీత గీశాడు.

అక్కడి నుంచి వరసగా నష్టాలు. ఈ రోజు ఫోటో తీసిన గుంపు రేపటికి నుజ్జునుజ్జు. ఎవరూ తెంపుకుపోవడం లేదు, ఊరికే తొక్కి మట్టిలో కలిపేస్తున్నారు. ఎర్రటివి పోయాయి, పసుపువి పోయాయి, కాడకు సంచి ఉన్నవి పోయాయి. పదకొండు చోట్ల ఇదే తంతు. ఏ ఒక్కదానికీ మూడో ఫోటో దొరకలేదు. తొక్కిన ప్రతిచోటా ఒకటే పాదం, ఎడమ చిటికెనవేలు పక్కకు తిరిగి ఉన్నది. భానోజీ ప్రతి పాదముద్ర పక్కనా కొలతకోసం అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీశాడు. సంత రోజున అడ్డాకుల బేరం చేస్తున్నవాడిలా వంగి బుద్రి పాదం కూడా తీశాడు. రెండూ ఒకటే.

అంతటితో ఆగితే అతడు భానోజీ ఎందుకవుతాడు? ఇంకొక పరీక్ష కూడా చేశాడు. తొక్కిన చోటికి పదడుగుల దూరంలో, తాను ఫోటో తీయని గుంపులు నాలుగైదు వెతికి చూశాడు. అవీ విషపువే. అవీ ఆమె కంటపడే చోటే ఉన్నాయి. ఒక్కటి కూడా ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఆమె కోపం పుట్టగొడుగుల మీద కాదు, తన మీద. కారణం కూడా దొరికింది. తినకూడనివి ఏవో పటం కట్టి చూపిస్తే మిగిలినవి ఎవరికి వాళ్లే ఏరుకుంటారు, సంతలో ఆమె గంప అమ్ముడుపోదు. అందుకే పటం పూర్తి కానివ్వడం లేదు. గొలుసులో ప్రతి లంకె గట్టిగా ఉంది. పాత ఉద్యోగంలో ఇంతకన్నా తక్కువ రుజువుతో అతడు ఎన్నో క్లెయిములు కొట్టేశాడు.

ఇదీ ఆ ప్రశ్నకు ముందు జరిగిన కథ.

పరాంకుశం గారు కల్వంలో ఏదో నూరుతున్నారు. చెయ్యి తుడుచుకుని ముందు నోటుపుస్తకం తీసుకున్నారు. మొదటి పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, మిగతావి గబగబా తిప్పేశారు. తరువాత ఫోను తీసుకుని, పసుపంటిన వేలితో ఒక్కో బొమ్మనూ జరుపుతూ చూశారు. పాదముద్రల దగ్గర ఆయన ఆగకపోవడం భానోజీకి నచ్చలేదు.

"ఈ రెండు గుంటలు ఏమిటి?" అన్నారు ఉన్నట్టుండి.

"అవా? అవి నా మోకాళ్లు గురువుగారూ."

"దీంట్లోనూ ఉన్నాయి."

"అన్నింట్లోనూ ఉంటాయి. మోకాళ్లు వేయందే కింది మడతలు పడవు. తొక్కినవి చూడండి, అక్కడ..."

"ఇవి మర్నాటికి కూడా చెరగలేదే" అన్నారు ఆయన, తొక్కిన గుంపు బొమ్మను దగ్గరగా పట్టుకుని. తరువాత కాగితాన్ని మడిచి కల్వం కింద పెట్టారు.

"రేపు పొద్దున్నే వాలు మీదికి వెళ్లు. ఫోను ఇక్కడ పెట్టి వెళ్లు. చుట్టుపక్కల ఒక్క గొడుగు కూడా లేని చోటు చూసుకుని, ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చో. తీస్తున్నట్టే చాలాసేపు కూర్చో. తరువాత పొదచాటుకు వెళ్లి చూడు."

"ఏం చూడాలి?"

"వచ్చినవాళ్లను."

భానోజీ తల ఊపాడు. రుజువులు ఇంత స్పష్టంగా ఉంటే ఈ వంకర పని ఎందుకు? మొదటి వానలకు బుద్రి ఏటా తోటకు పుట్టగొడుగులు తెచ్చి ఇస్తుందనీ, గురువుగారు ఆ కూర ఇష్టంగా తింటారనీ అతడికి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. ఈ మాట పుస్తకంలో రాయలేదు. రాయకపోవడం గౌరవం అనుకున్నాడు.

మర్నాడు పొద్దున వాన లేదు. భానోజీ రాతి చరియకు పైన ఒక నేరేడు చెట్టు కింద నేల అంతా కాలితో కెలికి, ఒక్క గొడుగు గాని, మొగ్గ గాని లేదని తేల్చుకుని, మోకాళ్లు వేశాడు. ఉత్త చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, లేనిదాన్ని తీస్తూ కూర్చున్నాడు. నలభై రెండేళ్లవాడు ఏమీ లేని బురద ముందు వంగి ఉండడం అంత సుఖమైన సంగతి కాదు. కింద రోడ్డు మీద ఎవరో తట్ట దించిన చప్పుడైంది. నవ్వుతున్నారేమోనని అతడికి చెవులు వేడెక్కాయి. అరగంట గడిచాక లేచి, కుంటుతూ పక్కనున్న కలే పొద వెనక్కి చేరాడు. ఫోను లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒకదానితో ఒకటి పట్టుకుని కూర్చున్నాడు.

ఎక్కువసేపు పట్టలేదు. బుద్రి వచ్చింది. సంతకు బయలుదేరినట్టుంది, నెత్తిమీద గంప నిండుగా ఉంది. నేరేడు చెట్టు కింద ఆ రెండు గుంటలు చూసి టక్కున ఆగిపోయింది. గంప దించింది. గుంటలో వేలు పెట్టి చూసింది. తడి ఇంకా ఊరుతోంది, తాజావే. చుట్టూ ఆకులు తప్పించింది. గడ్డి పాయ తీసి చూసింది. ఇంకా వెడల్పుగా, చేతులతో నేలను తడుముతూ చెట్టు చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. తొక్కడానికి ఏమీ దొరకలేదు.

'కంగారుపడు' అనుకున్నాడు భానోజీ పొదచాటున, తృప్తిగా.

అప్పుడు ఆమె మొహం పైకెత్తింది. ఇన్ని రోజుల్లో అతడు ఆమె పాదాలను ఎన్నో సార్లు చూశాడు గాని మొహం సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆ మొహంలో దొంగ భయం లేదు, ఇంకేదో భయం ఉంది. అదేమిటో అతడికి అంతుపట్టేలోగా ఆమె కింద గుడిసెల వైపు చూసింది. నీలం పరదాల మీదుగా పొయ్యి పొగ లేస్తోంది. బుద్రి ఒక్క కేక పెట్టి, గంప అక్కడే వదిలేసి, వాలు మీంచి కిందికి పరుగు లంకించుకుంది.

సొంత సరుకు వదిలి పారిపోయే దొంగను భానోజీ పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ చూడలేదు. అయినా అది అతడిని ఆపలేదు. 'అక్కడ తోడుదొంగలు ఉన్నారన్నమాట' అనుకుంటూ తానూ వెంటపడి పరుగెత్తాడు. రెండుచోట్ల జారాడు. ఒకచోట కూర్చునే కొంతదూరం వెళ్లాడు.

అతడు గుడిసెలు చేరేసరికి పొయ్యి మీది కుండ పక్కకు ఒరిగి పడి ఉంది. ఆవిరి, బూడిద కలిసి లేస్తున్నాయి. బుద్రి నేలమీద మోకాళ్లేసి, ఒలికిన కూరలో ఉత్త వేళ్లతో వెతుకుతోంది. కూర ఇంకా సలసల ఉడుకుతోంది. జములమ్మ అనే కూలామె, పాలమూరు వైపు నుంచి పనికొచ్చిన మనిషి, ఆమె భుజం పట్టి గుంజుతోంది.

"ఏం పొయ్యేకాలమే నీకు! పనికి పొయ్యేటోల్ల కూడు గదనే! మంది కడుపు కొట్టనీకె పుట్టినావ్?"

"ఎక్కడెట్టినావమ్మా? గొడుగులెక్కడెట్టినావు?" అంటోంది బుద్రి, చెయ్యి తియ్యకుండా.

"గొడుగులేందే? సొరకాయ కూర గది!"

బుద్రి ఒక ముక్క పైకి తీసింది. నలిపి చూసింది. వాసన చూసింది. సొరకాయే. "సొరకాయేనా..." అని, కాలిన వేళ్లు నోట్లో పెట్టుకుని, నేలమీద చతికిలబడి, ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి చేసింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఆమెను కొట్టేలాగే ఉన్నారు.

జములమ్మ భానోజీని చూసింది. "సారొచ్చిండు. సారు, నువ్వే చెప్పు. మంచి పుట్టకొక్కులేవో నీ ఫోనుకు తెలుస్తది. నువ్వు మోకాళ్లేసిన కాడ తెంపుకుందమని మేం పోతే, ఈమె మాకంటే ముందే పోయి అన్నీ తొక్కుతది. అడివి ఈమె తాతదా? అవి తినేటివి కావంటది. సారు ఫోనుకన్న నీకెక్కువ తెలుసా అంటే ఊకుంటది. మేమంత పిచ్చోళ్లమా? సంతల అమ్ముకోనీకె గిట్ల చేస్తున్నదని మాకు ఎరుకలేదా?"

ఆ మాటలు భానోజీకి కొత్త కావు. చంకలో ఉండే పుస్తకంలో, తన చేతిరాతలో, దాదాపు అవే ఉన్నాయి.

"రాతి చరియ కింద తెల్లవి..." అన్నాడు ఎలాగో. "మొట్టమొదటివి..."

జములమ్మ గొంతు తగ్గించింది. "గవి మేమే తెంపినం సారు. మా తావుల గట్లనే తెల్లగుంటయి, మేం తింటం. నువ్వు రెండు దినాలు వాటి ముందటనే కూసుంటివి, ఇంక అనుమానమెందుకని... మా అత్త ఒక్కతే ముందుగాల తిన్నది. మేం మాపటికి తిందమనుకున్నం. గంతల్నే ఆమెకు వాంతులు పట్టుకున్నయి."

"గురువుగారు వచ్చి ఏం తిన్నారని అడగలేదా?"

"అడిగిండు. నీళ్లు పడలేదన్నం."

"ఎందుకు?"

జములమ్మ తల వంచుకుంది. "సారు చూసి పెట్టుకున్నయి తెంపుకొస్తిమి. చెప్తే దొంగలంటవని భయమైంది."

పరదా చాటున ఒక ముసలమ్మ మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉంది. పదిహేను రోజులైనా ఇంకా కళ్లు లోతుకు పోయే ఉన్నాయి. బుద్రి ఆమె వైపు చూస్తూ, ఎవరితో అనకుండా అంది: "ఆ దినం ఈ అప్పని నానే ఈపునేసుకుని ఆటోకాడికి మోసినాను. గుడిసెనక కాడలు పారీసి ఉన్నాయి. సూసినాను. తినీవి కావని అందరికీ సెప్పినాను. ఇనలేదు. ఏటి సేస్తాను? బాబు కూకున్న సోటల్లా ఎతుక్కుని తొక్కీసినాను. ఇయేల గుంటలున్నాయి, గొడుగుల్లేవు. ఎవులో పట్టుకుపోయి వండీసినారనుకున్నాను."

భానోజీ కిందికి చూసుకున్నాడు. అతడి మోకాళ్లకు నేరేడు చెట్టు కింది బురద ఇంకా ఆరలేదు. జీవితంలో మొదటిసారి అతడికి తన మీద తనకు అనుమానం వేసింది. విషాన్ని చూపించే పటం కోసం తిరుగుతూ, విషం ఉన్న చోటల్లా తానే మోకాళ్లతో గుర్తు పెట్టి వచ్చాడు. ఆ గుర్తులను ఈ మనిషి ఒక్కత్తీ కాలితో చెరుపుకుంటూ తిరిగింది. అతడు ఆ కాలికి అగ్గిపెట్టె పెట్టి కొలతలు తీశాడు.

"అమ్మా" అన్నాడు జములమ్మతో. "నేను తీసినవన్నీ తినకూడనివే. తినకూడనివి ఏవో చూపించడానికే తీశాను."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి కూడా మంచిది లేదు. ఈవిడ చెప్పిందే నిజం. ఇవాళ నేను కూర్చున్న చోట అసలు ఏమీ లేదు. ఊరికే కూర్చున్నాను."

జములమ్మ చెయ్యి బుద్రి భుజం మీద అలాగే ఉంది గాని, గుంజడం మానేసింది. తరువాత ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, బుద్రి చేతిని పట్టుకుని, వేళ్ల మీద పోసింది.

ఆ పూట తోటలో శిష్యుల కోసం వండిన అన్నం, పప్పు భానోజీ గిన్నెలతో సహా నెత్తిన పెట్టుకుని గుడిసెలకు దించాడు. శిష్యులకు గంజి మిగిలింది. మిగతా నలుగురూ ఏదో గొణిగారు గాని, అతడి మొహం చూసి ఊరుకున్నారు. నేరేడు చెట్టు కింద వదిలిన గంపను కూడా అతడే మోసుకెళ్లి బుద్రికి ఇచ్చాడు. వేళ్లకు కలబంద గుజ్జు పూసి గుడ్డ కట్టుకుని ఆమె సంతకు ఆలస్యంగా వెళ్లింది. వాన తగలని వెదురు కొమ్ములు ఎండకు వాడిపోయాయి, సగం ధరకు పోయాయని తరువాత తెలిసింది. పెద్దలు మధ్యాహ్నం కూర్చుని, రావలసిన కాగితమేదీ లేనందున, మేకల తగాదా ఒకటి తీర్చి లేచిపోయారు.

సాయంకాలం భానోజీ గురువుగారి దగ్గరకు వెళ్లి, అరుగు మీద కాకుండా కింద మెట్టు మీద కూర్చున్నాడు. జరిగినదంతా చెప్పాడు, కుండ ఒలికిన సంగతి, అత్త సంగతి, కాలిన వేళ్ల సంగతి, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ పరాంకుశం గారు కల్వంలో నూరుతూనే ఉన్నారు. వాంతులు నీళ్ల వల్ల కాదని విన్నచోట మాత్రం చెయ్యి ఆగింది. "నేనూ నమ్మాను" అని మెల్లగా అనుకుని, మళ్లీ నూరసాగారు. కల్వం కింది కాగితం తీసి అతడి ముందుకు జరిపారు. భానోజీ దాన్ని తీసుకుని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

అయినా లేవలేదు. లోపల ఒక చివరి ముల్లు మిగిలిపోయింది. సొంత కుక్క అంత తొందరగా ఇల్లు వదలదు.

"తప్పు నాదే గురువుగారూ. ఒప్పుకుంటాను. కానీ..." అని కొంచెం ఆగాడు. "ఇన్ని రోజులు నా వెనకాలే తిరిగింది కదా. పదకొండు చోట్ల తొక్కింది. ఆ మొదట్లోనే నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

పరాంకుశం గారు కల్వంలోంచి తల ఎత్తలేదు.

"చెప్పింది నాయనా" అన్నారు. "నీ పుస్తకంలో మొదటి మాట అదే."